ఎమ్‌జీబీ అడుగున ఫ్యాక్టరీలో వేసిన రంగు ఏది? నలుపా, బాడీ రంగా?

సైనిక్‌పురి షెడ్:

అందరికీ నమస్తే. మా బాబాయ్ ఎప్పుడో కొన్న 1966 ఎమ్‌జీబీ, అంటే బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఒకటి సైనిక్‌పురిలో మా షెడ్‌లో పదకొండేళ్లుగా టార్పాలిన్ కింద పడి ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మొన్న పిన్ని తాళం నా చేతిలో పెట్టి, తిరిగేలా చేస్తే నీది, లేదంటే దసరాలోపు పాత ఇనుపవాడికి ఇచ్చేస్తాను అంది. ఇంజిన్ సంగతి తర్వాత, ముందు బాడీ చూద్దామని జాకీల మీద ఎత్తించాను.

పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే. పైన ఎర్ర రంగు ఇంకా మెరుస్తోంది, కింద మాత్రం మందంగా తారు లాంటి నల్ల కోటింగ్, కొన్నిచోట్ల వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతోంది, కొన్నిచోట్ల పెంకులా ఊడి వస్తోంది. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెల దగ్గర పెంకు లాగితే దాంతోపాటు రేకు కూడా వచ్చేసింది. కింద పడుకుని చూస్తే షెడ్ పైకప్పు కనిపిస్తోంది.

గ్యారేజ్‌లో ఉస్తాద్ ఏమో "అడుగున ఎవరు చూస్తారు సార్, మంచిగా రబ్బరు కోటింగ్ కొట్టేద్దాం, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. నెట్‌లో ఫోటోలు చూస్తే ఒకడి కారు అడుగు అద్దంలా మెరుస్తోంది, ఒకడిది నలుపు, ఇంకొకడిది బూడిద రంగు. అసలు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చేది? షోలకి పెట్టే ఉద్దేశం లేదు కానీ, ఒక్కసారే చేయిస్తాను కాబట్టి సరిగ్గా చేయించాలని ఉంది.

గోషామహల్ గేరు:

తమ్ముడూ, ముందు ఆ ఉస్తాద్ చేతిలో గన్ ఆపు. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

ఎమ్‌జీబీకి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. ఆ బాడీలు ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ప్రెస్డ్ స్టీల్ అనే కంపెనీవాళ్లు చేసేవాళ్లు. ఆబింగ్డన్‌లోని ఎమ్‌జీ ఫ్యాక్టరీకి అవి రంగు పూసుకుని, లోపలి ట్రిమ్ కూడా బిగించుకుని లారీల్లో వచ్చేవి, అక్కడ ఇంజిన్, యాక్సిల్ లాంటివి బిగించడమే పని. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే. వెల్డింగ్‌తో బాడీలో కలిసిపోయినవన్నీ, అంటే ఫ్లోర్, చక్రాల గూళ్లు, ఇంజిన్ గది, ఇవన్నీ బాడీ రంగు. తర్వాత బోల్టులతో వచ్చి చేరినవి, ముందు క్రాస్ మెంబరు (ముందు చక్రాల భాగాన్ని మోసే అడ్డ దూలం), వెనక యాక్సిల్, కమాన్ పట్టీలు, ఇవి నలుపు. అంతే.

అయితే ఫ్లోర్ అంతా నిండుగా బాడీ రంగు ఉండేదనుకోవద్దు. గన్ పట్టుకున్నవాడు పక్కనుంచి కొట్టుకుంటూ పోతాడు, అంచుల దగ్గర రంగు బాగా పడుతుంది, మధ్యలో టన్నెల్, అంటే గేర్‌బాక్స్, షాఫ్ట్ కూర్చునే గూడు దగ్గరికి వచ్చేసరికి దుమ్ములా పడీ పడనట్టు ఉంటుంది, కింద ప్రైమర్ కనిపిస్తుంది. అద్దంలా మెరిసేది చూశానన్నావే, అది యజమాని సరదా, ఫ్యాక్టరీ పని కాదు.

నీ కారుది అసలు ఏ రంగో కారునే అడుగు. పెట్రోలు పైపు, బ్రేక్ పైపు పట్టి ఉంచే చిన్న క్లిప్పులు ఉంటాయి, అవి రంగు పడ్డాక బిగించినవి. ఒక క్లిప్పు విప్పి కిందున్న చోట కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడువు. తారు ఆ సందులోకి సరిగా వెళ్లదు కాబట్టి 1966 నాటి రంగు గోరంత ముక్కైనా మిగిలి ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనక, డిక్కీ రబ్బరు కింద కూడా చూడు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఎండ వెలుతురులో ఫోటోలు తీసుకో, గీకడం మొదలయ్యాక ఇంక ఆ ఆధారాలు దొరకవు.

బ్యాటరీల దగ్గర చిల్లు పడటం పెద్ద వింత కాదు. ఆ మోడల్‌కి రెండు ఆరు ఓల్టుల బ్యాటరీలు అక్కడే కూర్చునేవి, పైనుంచి యాసిడ్, కిందనుంచి చక్రం కొట్టే నీళ్లు, రేకు ఎంతకాలం ఆగుతుంది.

రింగ్‌రోడ్ రాజా:

అందరూ ఒరిజినల్ ఒరిజినల్ అంటారు గానీ, మన వానల్లో ఒక్కసారి టోలిచౌకి దగ్గర మోకాలి లోతు నీళ్లలోంచి బండి తీసుకెళ్తే తెలుస్తుంది. పల్చగా దుమ్ములా కొట్టిన రంగు ఎన్నాళ్లు ఆగుతుంది? నేనైతే ఉస్తాద్ మాటే వింటాను. ఫ్యాక్టరీవాడు పొదుపు కోసం చేసిన పనిని మనం భక్తిగా కాపీ కొట్టడం ఏంటో నాకర్థం కాదు.

దుబాయ్ రిటర్న్:

రాజా అన్నా, నీ బాధ న్యాయమే కానీ మందు తప్పు. నేను దుబాయ్‌లో ఎనిమిదేళ్లు పాత కార్ల షాపులో పెయింట్ పని చేసి వచ్చాను. తారు కోటింగ్ కొత్తలో బాగానే ఉంటుంది. ఎండకి గట్టిపడి వెంట్రుకంత పగులు వస్తుంది, అందులోంచి నీళ్లు దూరి రేకుకీ కోటింగ్‌కీ మధ్య నిలబడిపోతాయి, పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. సైనిక్‌పురి తమ్ముడి బ్యాటరీ పెట్టెల కథ అదే కదా.

ఇంకోటి, ఫ్యాక్టరీ ఫినిష్ అనేది కారు కారుకీ మారుతుంది, ఎమ్‌జీబీ లెక్క పక్క బండికి పనికిరాదు. జాగ్వార్ ఈ-టైప్‌లో ఇంజిన్‌ని మోసే ముందువైపు ఫ్రేమ్ బాడీ రంగులోనే ఉంటుంది, తెలియనివాళ్లు నలుపు కొట్టేస్తారు. పోర్షా 911కి అడుగున పీవీసీ కోటింగ్ వేసి దాని మీద బాడీ రంగు కొట్టేవాళ్లు. పాత ఫోర్డ్ మస్టాంగ్ అయితే పెద్ద గోల, ఏ ప్లాంటులో తయారైందో చూడాలి, ఒకచోట రెడ్ ఆక్సైడ్ అనే ఇటుక రంగు ప్రైమర్, ఇంకోచోట మిగిలిపోయిన రంగులన్నీ కలిపేసిన ఓ బూడిద రంగు. కొత్తలో నేనే ఒక మస్టాంగ్ అడుగుని వారం రోజులు రుద్ది పెళ్లికొడుకులా తయారుచేశాను. ఓనర్ వచ్చి పడుకుని చూసి, లేచి, ఇది నా కారు కాదన్నాడు. మళ్లీ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాను. అమెరికాలో కార్వెట్ల క్లబ్ ఒకటి 1974 నుంచీ ఉంది, వాళ్ల పోటీల్లో ఫ్యాక్టరీ కంటే ఎక్కువ మెరిసినా మార్కులు పోతాయి.

ఇక పని ఎలాగంటే. ముందు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీలు దించేయండి. హీట్ గన్‌తో కొంచెం కొంచెం వేడి చేసి పుట్టీ పట్టీతో తారుని పొరలుగా లేపాలి, గ్యాస్ మంట పెట్టనివ్వొద్దు. వైర్ బ్రష్ గ్రైండర్‌కి పెడితే తారు కరిగి గోడలకీ మొహానికీ అంటుకుంటుంది. మిగిలిన జిడ్డు కిరోసిన్‌తో తీసేశాకే బాలానగర్‌లో శాండ్ బ్లాస్టింగ్‌కి పంపండి, మెత్తటి తారు మీద ఇసుక కొడితే ఎగిరి వస్తుంది తప్ప తారు ఊడదు. బ్లాస్టింగ్ ఫ్లోర్‌కి, గూళ్లకి మాత్రమే. డోర్లు, డిక్కీ మూత వద్దు, వేడికి రేకు వంకర పోతుంది. బానెట్ అసలే వద్దు, 66 మోడల్‌కి అది అల్యూమినియం, అయస్కాంతం పెట్టి చూసుకోండి, అంటుకోదు.

బ్లాస్టింగ్ నుంచి రాగానే అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రెండు డబ్బాల్లో వచ్చేది, కలిపి కొట్టాలి) పడాలి. వానాకాలంలో రాత్రి అలా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు వచ్చేస్తుంది. రాజా అన్నకి కావాల్సిన రక్షణ ఈ ప్రైమర్‌లో ఉంది, పైన కనిపించే రంగులో కాదు. దాని మీద అతుకులకి సీలెంట్, ఆ తర్వాత బాడీ రంగు, అంచులకి నిండుగా, మధ్యకి దూరం నుంచి ఒక్క చేయి. మెరుపు తగ్గడానికి మ్యాటింగ్ కొంచెం కలపమనండి. సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి రేకు) లోపల, పెట్టెల్లా మూసుకున్న చోట్ల అంతా అయ్యాక క్యావిటీ వ్యాక్స్, అంటే తుప్పు ఆపే మైనం. నీళ్లు పోయే రంధ్రాలు పుట్టీతో మూసేయకుండా కాపలా కాయండి, మన ఉస్తాద్‌లకి చిల్లు కనిపిస్తే చేయి ఊరుకోదు.

డ్యూకో కొట్టిద్దామంటే పాత సింథటిక్ రంగు మీద మాత్రం వద్దు, ఆ థిన్నర్‌కి కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. డ్యూకో అంటే ఏదో మన మాట అనుకునేవాణ్ణి నేను, 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరట అది, వందేళ్లుగా మన గ్యారేజ్‌ల నోట్లో నానుతోంది. టూకే రంగు, అంటే హార్డెనర్ కలిపి కొట్టేది, కొట్టేవాడికి గాలి పైపు ఉన్న మాస్కు ఇప్పించండి, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టి ఉబ్బసం తెచ్చుకున్నవాళ్లని చూశాను.

గోషామహల్ గేరు:

పైన చెప్పడం మర్చిపోయాను. సిల్స్ కోయాల్సి వస్తే ముందు డోర్ ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టం వెల్డ్ చేయించు. టాప్ లేని కారు కదా, సిల్ తీయగానే మధ్యలో కుంగుతుంది, తర్వాత డోరు పట్టదు. రంగు గురించి ఎంత కొట్టుకున్నా దీని తర్వాతే.

కాగితాల సంగతి కూడా చూసుకో. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. ఛాసీ, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాలనేది షరతు. కాబట్టి పాత రేకు బాగుచేసిన ప్రతి దశకీ ఫోటో ఉంచుకో. ఇంగ్లండ్‌లో గేడన్ మ్యూజియం వాళ్లు ఛాసీ నంబరు పంపితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు, ఫ్యాక్టరీ రంగు అందులో రాసి ఉంటుంది.

సైనిక్‌పురి షెడ్:

అన్నలందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం రెండు క్లిప్పులు విప్పాను. మొదటిదాని బోల్టు తల తిరిగిపోయింది, దాని కింద తుప్పు తప్ప ఏమీ లేదు. రెండోది కుడివైపు ఫ్లోర్ మీద, పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి రెండు గంటలు ఆగాక వచ్చింది. కింద చిటికెన వేలి గోరంత లేత నీలం! ఎరుపు కాదు. డ్యాష్ వెనక టార్చి వేసి చూస్తే అక్కడా అదే నీలం. ఆ ఏడాది ఎమ్‌జీబీకి ఐరిస్ బ్లూ అనే రంగు ఉండేదని చూశాను, అదే అనుకుంటున్నాను, సర్టిఫికెట్‌కి రాస్తాను.

పిన్నికి ఫోటో చూపిస్తే కాసేపు చూసి, "అవును, కొన్నప్పుడు నీలమే, నాకు ఎరుపు ఇష్టమని మార్పించాడు" అంది. ఇప్పుడు పైన ఏ రంగు వేయాలో కొత్త టెన్షన్. అడుగు మాత్రం తేలిపోయింది, ఎపాక్సీ మీద నీలం. ఉస్తాద్‌ని ఒప్పించాను, ముందు ఒక పాత రేకు మీద మధ్యలో పల్చగా వచ్చేలా కొట్టి చూపిస్తానన్నాడు, "కావాలని చెడగొట్టమని అడిగిన కస్టమర్‌ని ఇదే చూడటం" అని నవ్వుతున్నాడు. ఆదివారం ఫోటో పెడతాను.

రింగ్‌రోడ్ రాజా:

పైన ఎరుపు, కింద నీలం ఉంచెయ్యి తమ్ముడూ. ఇంట్లో భోజనం దొరుకుతుంది. ఎపాక్సీ విషయం ఒప్పుకుంటున్నా, నా బండి కింద కూడా ఈ వారం పడుకుని చూస్తాను.