ఉపసేనాని పని, చీఫ్ ఆఫ్ స్టాఫ్ పని ఎప్పుడు విడిపోయాయి?

సైనిక చరిత్ర బాగా చదివినవాళ్లు ఈ చిక్కుముడి విప్పడానికి సాయం చేయండి. ఉపసేనాని అంటే కమాండర్ తర్వాతి అధికారి, చీఫ్ ఆఫ్ స్టాఫ్ అంటే కమాండర్ కోసం పథకాలు, ఆజ్ఞలు సిద్ధం చేసే అధికారి.

రోమన్ రిపబ్లిక్‌లో డిక్టేటర్‌కు (ఆపత్కాలంలో పూర్తి అధికారం ఇచ్చి నియమించే పాలకుడు) అశ్వదళాధిపతి రెండోవాడు. డిక్టేటర్ గడువు గరిష్ఠంగా 6 నెలలు, అది తీరితే ఇతని పదవీ పోయేది. అంటే అతని అధికారం అరువు తెచ్చుకున్నదే. క్రీ.పూ. 217లో అశ్వదళాధిపతి మినూసియస్‌కు డిక్టేటర్ ఫాబియస్‌తో సమాన అధికారం ఇచ్చారు. ఇద్దరూ సైన్యాన్ని పంచుకున్నారు. మినూసియస్ తన భాగంతో శత్రువైన కార్తేజ్ సేనాని హానిబల్ పన్నిన ఉచ్చులో పడితే ఫాబియస్ వచ్చి గట్టెక్కించాడు. రెండోవాడికి సొంత అధికారం ఉంటే వచ్చే ముప్పు ఇదే.

ఇక 1815 జూన్ 16, నెపోలియన్‌తో ప్రష్యా సైన్యం తలపడిన లిగ్నీ యుద్ధం. ప్రష్యా సేనాని బ్లూషర్ తన గుర్రం కిందే పడిపోయాడు. వావ్ర్ పట్టణం వైపు వెనక్కి తగ్గమని ఆజ్ఞ ఇచ్చింది చీఫ్ ఆఫ్ స్టాఫ్ గ్నైజెనావ్. కానీ అదే సైన్యంలో కోర్ (సైన్యంలో ఒక పెద్ద విభాగం) కమాండర్ బ్యూలో ఆయనకన్నా సీనియర్! నాకు అసలు అడ్డుపడుతున్నది ఇక్కడే. పథకం మొత్తం తెలిసినవాడు ఒకడు, హోదా ఉన్నవాడు ఇంకొకడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బెటాలియన్లు కొందరు అధికారులను దాడికి పంపకుండా వెనక ఉంచేవి, పటాలాన్ని మళ్లీ నిలబెట్టడానికి. కమాండర్, ఉపసేనాని ఒకే కందకంలో ఉంటే ఒక్క గుండు చాలు. మరీ దూరంగా ఉంటే మధ్యలో మారిన ఆజ్ఞలు రెండోవాడికి అందవు.

నా ప్రశ్నలు రెండు. కమాండర్ పడిపోతే చీఫ్ ఆఫ్ స్టాఫా, సీనియర్ అధికారా అన్నది ముందుగా రాతపూర్వకంగా తేల్చిన తొలి సైన్యం ఏది? కమాండర్, ఉపసేనాని వేర్వేరు చోట్ల ఉండాలన్న నియమం 1914కు ముందు ఏ సైనిక నిబంధనావళిలోనైనా ఉందా? సంవత్సరం, వీలైతే ఆ నిబంధన పాఠం కూడా చెప్పగలరు.