బైపాస్ బదులు కీలేషన్ డ్రిప్పులు: ఎక్కిద్దామా, వద్దా?

గోదారోడు: మా మామగారికి మూడు బ్లాకులు. డాక్టరు బైపాస్ అన్నారు. మామగారేమో "కోత లేకుండా ముప్పై డ్రిప్పుల్లో బ్లాకులు కరిగిస్తాం" అన్న ఓ సెంటరువాళ్ళ కరపత్రం పట్టుకు కూర్చున్నారు. ఒంట్లో లోహాల్ని పట్టి బయటికి లాగేసే మందుని నరంలోకి ఎక్కించడమే ఈ కీలేషన్; ఆ మందు ఈడీటీఏ అట. సీసం విషానికి విరుగుడు కదా అది, గుండెకేం చేస్తుంది?

పాతచింతకాయ: నవ్వకండి, ఆధారం ఉంది. 2013లో అమెరికాలో టాక్ట్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. అంతకుముందు గుండెపోటు వచ్చిన 1708 మందిలో సగంమందికి ఈడీటీఏ, సగంమందికి మందులేని డ్రిప్పు, 40 సార్లు. మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం వగైరా అన్నీ కలిపి చూస్తే 30 శాతం నుంచి 26కి తగ్గాయి. షుగరున్నవాళ్ళకి ఇంకా బాగా.

స్వరూప: వాళ్ళెవరూ వైద్యం మానేసి డ్రిప్పుకి రాలేదండీ. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వాడుతూ ఇది అదనం. పైగా ఆ షుగరు మాట తేల్చడానికే టాక్ట్2 చేశారు, 2024లో వచ్చింది. రక్తంలో సీసం 61 శాతం పడిపోయింది. గుండె సంగతి? మరణం, గుండెపోటు వగైరా కలిపి మందు పడ్డవాళ్ళలో 35.6 శాతం, పడనివాళ్ళలో 35.7. మందు తన పని తను చేసింది, సీసాన్ని లాగేసింది. బ్లాకు దాని పని కాదు.

మందులకొట్టు: ఈడీటీఏలు రెండున్నాయి, అది ముందు తెలుసుకోండి. సీసానికిచ్చేది కాల్షియం కలిపిన డైసోడియం ఈడీటీఏ. టాక్ట్‌లో వాడింది కాల్షియం లేని ఉత్త డైసోడియం. అది రక్తంలో కాల్షియాన్నే పట్టేస్తుంది, గబగబా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ళ పిల్లాడు ఇలాగే పోయాడు.

పాతచింతకాయ: అందుకే టాక్ట్‌లో కనీసం మూడు గంటలు పట్టేలా ఎక్కించారు. బైపాస్ మానుకోమని నేననలేదు స్వరూపగారూ. సీసం, కాడ్మియం గుండెకి చేటని 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషనే చెప్పింది కదా?

స్వరూప: చేటే. అయితే అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలి. గోదారోడు గారూ, ఆ సెంటరులో మామగారి రక్తంలో సీసం ఎంతుందో చూశారా?

గోదారోడు: లేదు. అడిగితే "అందరికీ ఉంటుంది సార్" అన్నారు! నిజానికి మామగారికి సీసం గొడవే పట్టదు, భయమంతా కోత గురించే. వాళ్ళన్నయ్య ఆపరేషన్ టేబుల్ మీదే పోయారు. సోమవారం ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి, స్టెంటుకి వీలవుతుందేమో డాక్టర్నే అడుగుతాను. కరపత్రం మా అత్తగారు దాచేశారు.