అప్‌డేట్: మా టీమ్ అఫెన్స్ కాస్త కదిలింది

అమెరికాలో మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి వీడియో పని చేస్తానని, అఫెన్స్ (బంతితో దాడి చేసే ఆటగాళ్లు) అస్సలు పాయింట్లు చేయట్లేదని పోయిన నెల అడిగాను కదా. క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరే ఆటగాడిని) మార్చాలేమో అనుకున్నాను. "ముందు లైన్ చూడండి" అని, అంటే అతన్ని కాపాడుతూ ముందు నిలబడేవాళ్లని చూడమని, ఒకరన్నారు. అదే నిజం! బంతి విసిరేలోపే ఎదుటివాళ్లు పాపం అతని మీద పడిపోతున్నారు. పైగా పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు డౌన్లే (ప్రయత్నాలే) ఉంటాయి. మొదటి రెండు డౌన్లలో రెండు మూడు గజాలే వస్తే, మూడో డౌన్‌లో పాసే (బంతి విసరడమే) వస్తుందని ఎదుటివాళ్లకు ముందే తెలిసిపోతుంది.

కోచ్‌కి చూపించాను. ఇప్పుడు మొదటి డౌన్ నుంచే చిన్న, వేగమైన పాస్‌లు వేస్తున్నాం. 1989లో అయోవా వెస్లియన్ కాలేజీలో కోచ్‌లు హాల్ మమ్మీ, మైక్ లీచ్ మొదలుపెట్టిన ఎయిర్ రెయిడ్ అనే పాస్‌ల పద్ధతిలాగే తక్కువ ప్లేలు (ముందే వేసుకున్న ఎత్తుగడలు), ఎక్కువ సాధన. శనివారం ఓడిపోయాం, కానీ చివరి క్వార్టర్ దాకా పోటీలో ఉన్నాం. రన్ బ్లాకింగ్ (బంతితో పరిగెత్తేవాడికి దారి చేయడం) మాత్రం ఇంకా బలహీనమే. దాని మీద సలహాలుంటే చెప్పండి.