పెద్దయ్యాక కామిక్స్, బొమ్మలు సేకరించడం పిల్లచేష్టా?

మాది తిరుపతి. వయసు నలభై. 1980ల నాటి చందమామలు, అమర చిత్ర కథలు, కొన్ని సూపర్‌హీరో బొమ్మలు సేకరించాను. చందమామకు బొమ్మలు వేసిన చిత్రకారుడు వపా (వడ్డాది పాపయ్య) గీసిన ముఖచిత్రంలో చీర అంచు మడతను చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.

బంధువులు వచ్చినప్పుడల్లా అమ్మ, "ఈ వయసులో ఇదేం పిల్లచేష్ట, సంక్రాంతిలోగా అమ్మేయి" అంటోంది. అన్నీ బీరువాలోకి మార్చాను. ఖర్చుకు హద్దు పెట్టుకున్నాను. 1947లో మొదలైన చందమామను తాతయ్యలు కూడా ఇష్టంగా చదివేవారని చెప్పి చూశాను. ఫలితం లేదు. దసరాకు ఎర్రచందనం మరపాచి బొమ్మలను తనే ఎంతో ముచ్చటగా కొలువు తీరుస్తుంది. అది సంప్రదాయం, ఇది వేరు అంటుంది. ఆ మాట నాకు చాలా బాధగా ఉంది.

ఇలాంటి అభ్యంతరం ఎదురైనప్పుడు మీ ఇంట్లో పెద్దలను ఏం చెప్పి ఒప్పించారు?