ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో స్టాటిస్టిక్స్ పీజీ: చేసినవాళ్లు కాస్త చెప్పరూ?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మందుల ట్రయల్స్ డేటా చూసే కంపెనీలో శాస్ (SAS అనే గణాంకాల సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామర్‌ని. డిగ్రీలో మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్ చదివాను. బయోస్టాటిస్టీషియన్‌గా, అంటే ఆ ట్రయల్స్‌కి గణాంక విశ్లేషణ చేసే ఉద్యోగానికి మారాలంటే మా దగ్గర పీజీ ఉండి తీరాలి. తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది, కాబట్టి ఉద్యోగం మానే మాటే లేదు.

ఇగ్నోలో ఎమ్మెస్సీ అప్లైడ్ స్టాటిస్టిక్స్ ఉంది, ఫీజు నాకు అందేదే. అమెరికాలో పెన్ స్టేట్ వాళ్ల 30 క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సూ చూశాను, అది లక్షల్లో మాట. యూజీసీ గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని నిబంధనలు చెబుతున్నాయి. మరి ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా అలాగే చూస్తున్నారా?

అంతకంటే పెద్ద బెంగ థియరీ. కాక్స్ మోడల్ (మరణం లాంటి ఘటన జరిగేవరకు పట్టే కాలాన్ని విశ్లేషించే పద్ధతి) రన్ చేసి హజార్డ్ రేషియో (ఒక గుంపుకి ముప్పు రెండోదానికి ఎన్ని రెట్లో) చెప్పగలను. కానీ బేస్‌లైన్ హజార్డ్ (మందు, వయసు లాంటి అంశాల ప్రభావం కలపకముందు ఉండే మూల ముప్పు) తెలియకుండానే ఆ అంశాల గుణకాలు ఎలా తేలుతున్నాయి, వాటిని అంచనా వేసే పార్షియల్ లైక్లీహుడ్ అనే సూత్రంలో ఆ బేస్‌లైన్ ఎలా కొట్టుకుపోతోంది అన్నది నా చేత్తో రాసి చూసుకోవాలనుంది. బోర్డు మీద చెప్పే మాస్టారు లేకుండా ఇలాంటివి ఒంటపట్టాయా మీకు? చేరేముందు రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా ఎంతవరకు తిరగేయాలి?

ఉద్యోగం చేస్తూ పూర్తిచేసినవాళ్లు పరీక్షలకు, ల్యాబులకు సెలవులెలా సర్దుకున్నారో చెప్పండి. బెంగళూరులో వారాంతాల్లో కలిసి లెక్కలు చేసుకుందామనే తెలుగువాళ్లుంటే, నేను ఎంత దూరమైనా వస్తాను.