ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో బ్యాడ్జీతో కొలవచ్చా? మీరైతే సంతకం పెడతారా?

గచ్చిబౌలి_మూడో_అంతస్తు:
మా ఆఫీసులో ఆరు వారాలు మెడలో సెన్సర్ బ్యాడ్జీ వేసుకోమంటున్నారు. అగ్గిపెట్టెంత ఉంది, ఐడీ కార్డు వెనకాల తగిలిస్తారు. ఎవరెవరు ఎదురెదురుగా ఎంతసేపు మాట్లాడుకున్నారు, ఏ టీముల మధ్య రాకపోకలు లేవు అన్నది తేలుతుందట. మాటలు రికార్డు కావు, గొంతు హెచ్చుతగ్గులు మాత్రమే తీసుకుంటారట. ఇష్టమైతేనే సంతకం పెట్టమన్నారు. కానీ ఫారం తెచ్చిచ్చింది మా మేనేజరు, అప్రైజల్ వచ్చే నెలలో. ఏం చేయమంటారు?

హెడ్‌సెట్_పదేళ్లు:
పెట్టండి మేడమ్. నేను కాల్‌సెంటర్‌లో టీమ్ లీడ్‌గా చేశాను. ఫ్లోరు ఖాళీ కాకూడదని బ్రేకులు ఒక్కొక్కరికీ వంతులవారీగా ఇచ్చేవాళ్లం. ‘సార్, కలిసి టీ తాగనివ్వండి’ అని పిల్లలు ఎన్నిసార్లు అడిగినా పైవాళ్లు వినలేదు. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో అలెక్స్ పెంట్‌లాండ్ బృందం ఓ అమెరికన్ బ్యాంకు కాల్‌సెంటర్‌లో ఇలాంటి బ్యాడ్జీలే పెట్టి చూసి, టీము మొత్తానికి ఒకేసారి కాఫీ బ్రేకు ఇప్పించింది. వెనకబడ్డ టీముల్లో ఒక్కో కాల్‌కి పట్టే సగటు సమయం 20 శాతానికి పైగా, సెంటర్ మొత్తం మీద 8 శాతం తగ్గిందని ఆయన 2012లో రాశారు. మా పిల్లలు అడిగిందీ అదే కదా! వాళ్ల దగ్గర అంకె లేదు, అంతే.

సిగ్నల్_మనిషి:
ఆ ఫలితం మంచిదే అండీ. నా పేచీ కొలత దగ్గర. కాలేజీ ప్రాజెక్టులో మేము ఫోన్ల బ్లూటూత్‌తో ఇదే చేశాం. వారం తర్వాత అందరికంటే గట్టి జంటగా తేలిన ఇద్దరికీ అసలు మాటల్లేవు. పార్టిషన్‌కి అటొకరు ఇటొకరు కూర్చుని, పొద్దస్తమానం ఫోన్లు చార్జింగ్‌లో పెట్టేవారు. బ్లూటూత్‌కి చెక్క గోడ ఒక లెక్కా?

బ్యాడ్జీలు అంతకంటే నయం. ఐరోపాలో సోషియోపాటర్న్స్ అనే పరిశోధక బృందం వాళ్లు వాడిన రేడియో ట్యాగులు చాలా బలహీనమైన సిగ్నల్ పంపుతాయి. మన ఒంట్లో నీరే దాన్ని ఆపేస్తుంది కాబట్టి మీటరు, మీటరున్నర దూరంలో ఎదురెదురుగా ఉంటేనే నమోదవుతుంది. 2013లో ఫ్రాన్స్‌లో ఓ ఆఫీసు భవనంలో అలా కొలిచింది జబ్బు ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి. అక్కడ మనిషి ఎదురుగా నిలబడితే చాలు. స్నేహం సంగతి వేరు. ఎం.ఐ.టి.లోనే 2004లో వంద నోకియా 6600 ఫోన్లు పంచి, ఎవరు స్నేహితులో 95 శాతం దాకా సరిగ్గా చెప్పగలిగామన్నారు. ఎలా చెప్పారో చూడండి: క్యాంపస్ బయట, రాత్రిళ్లు, వారాంతాల్లో ఎవరి పక్కన ఎవరున్నారన్నది బాగా పట్టించింది. అంటే స్నేహం తెలియాలంటే ఆఫీసు దాటి మన వెంట రావాలి. దానికి ఒప్పుకుంటామా?

గోడలు_లేని_ఆఫీసు:
కొలత పూర్తిగా సరిగ్గా లేకపోయినా మనకు పనికొచ్చిన సందర్భాలున్నాయండీ. గోడలు తీసేస్తే అందరూ కలిసిపోతారని మేనేజ్‌మెంట్లు చెబుతాయి కదా. హార్వర్డ్‌కి చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో బ్యాడ్జీలతో చూసి 2018లో ప్రచురించారు. గోడలు తీశాక ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి, ఈమెయిళ్లు పెరిగాయి. మా ఫ్లోరులో పక్క సీటు అమ్మాయి అంగుళం దూరంలో ఉండి కూడా నాకు చాట్‌లోనే రాస్తుంది, గట్టిగా మాట్లాడితే నలభై మంది వింటారని. ఈ మాట మేం చెబితే ఫిర్యాదు కింద కొట్టేశారు.

చట్టం_చదివినవాడు:
సంతకమే మీకు రక్ష అనుకోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 7వ సెక్షన్‌లో ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండా కూడా డేటా వాడుకునే వీలుంది. ఆ అవసరం ఎంతవరకు అన్నదాని మీదే కొట్లాట. కాబట్టి పెట్టాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఒక్కొక్కరి విడి లెక్క ఎవరి చేతికి వెళుతుందో అడగండి. ‘టీము సగటే చూపిస్తాం’ అంటారు. నలుగురున్న టీములో సగటు ఎవర్ని దాస్తుంది? రేపు జీతాల గురించి నలుగురూ క్యాంటీన్‌లో గుమిగూడితే, మాట వినకపోయినా గుమిగూడారని తెలిస్తే చాలు వాళ్లకి.

హెడ్‌సెట్_పదేళ్లు:
క్యాంటీన్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా వద్దనకండి. విడి లెక్క పరిశోధకుల దగ్గరే ఆగిపోయి, మేనేజరుకి అందకుండా ఉంటే చాలదా?

గచ్చిబౌలి_మూడో_అంతస్తు:
అందరికీ థాంక్స్. నిన్న హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. విడి లెక్క మా మేనేజరు చూస్తారా? పదిమంది కంటే చిన్న టీముల్ని కలిపి చూపిస్తారా? క్యాంటీన్‌లోకి వెళ్లేటప్పుడు తీసి పెట్టుకోవచ్చా? మొదటిదానికి ‘చూడరు’ అని, రెండోదానికి ‘వెండర్‌ని అడుగుతాం’ అని జవాబొచ్చింది. మూడోదాని ఊసే లేదు. ఫారం డ్రాయర్‌లోనే ఉంది, సోమవారం మళ్లీ అడుగుతాను.