సినాప్సిస్ ముందా, రికార్డులు చూడటం ముందా?

పెన్న ఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారం. చరిత్రలో పిహెచ్‌డి చేస్తున్నాను. కోర్సువర్క్ పూర్తి కావచ్చింది, త్వరలో పరిశోధన సలహా సంఘం ముందు సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) పెట్టాలి. నా అంశం 1876–78 కరువు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ధాత కరువు అనేది దాన్నే. పరికల్పన (పరిశోధనలో నిజమో కాదో తేల్చాల్సిన ఊహ), అధ్యాయాల విభజన, ఆధారాల జాబితా అన్నీ తేల్చి రాసుకుని రమ్మని గైడు గారు చెప్పారు. రికార్డుల మొహం చూడకుండా పరికల్పన రాయడం నీటి జాడ చూపించుకోకుండా బోరు వేయించడమేనని మా సీనియర్ అక్క అంటోంది. ప్రస్తుతానికి శీర్షిక ఇలా పెట్టుకున్నాను: ‘అనంతపురం జిల్లాలో 1876–78 కరువు: సామాజిక, ఆర్థిక ప్రభావాలు – ఒక అధ్యయనం’. ఎవరి మాట వినమంటారు?

తుంగభద్ర (కర్నూలు)

గైడు గారి మాటే వినమ్మా. నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేస్తున్నవాణ్ణి. ముందు రికార్డులు చూస్తాం, ఆ తర్వాత ప్రశ్న వెతుక్కుంటాం అనుకున్నవాళ్లు ఎక్కడ ఆగిపోతారో కళ్లారా చూస్తున్నాను. సంచుల నిండా జిరాక్సులు ఉంటాయి, ఒక్క అధ్యాయమూ ఉండదు. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. కోర్సువర్క్ కూడా అందులోదే. ఏం వెతుకుతున్నామో రాసుకోకుండా వెళితే ఆర్కైవ్స్‌లో, అంటే పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోట, ప్రతి ఫైలూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. పరికల్పన తప్పని తేలితే తేలనివ్వండి. తప్పని తేల్చడం కూడా పరిశోధనే. అసలు ఏదీ అనుకోకుండా వెళ్లినవాడికి తేల్చడానికి ఏమీ ఉండదు.

పాత దస్తావేజు (కడప)

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు నీ శీర్షికలోనే ఉంది. 1876లో అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి దాన్ని ఏర్పాటు చేశారు. కాబట్టి కరువు నాటి ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ బళ్లారి జిల్లా పేరు మీదే ఉంటాయి. కదిరి అప్పటికి కడప జిల్లాలో ఉంది, అనంతపురంలో కలిసింది 1910లో. అంటే కదిరి కరువు సంగతులు కడప కలెక్టరు కాగితాల్లో వెతకాలి. నువ్వు సూచీలో ‘అనంతపురం జిల్లా’ అని వెతికితే 1876కు ఒక్క ఫైలూ దొరకదు, దొరకలేదు కాబట్టి ఆధారాలే లేవని రాసేస్తావు. ఇటువైపు చూస్తే 2022 ఏప్రిల్‌లో జిల్లా మళ్లీ రెండైంది. పెనుకొండ, మడకశిర, హిందూపురం, కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మరి నీ శీర్షికలో ‘అనంతపురం జిల్లా’ అంటే ఏ సంవత్సరపు జిల్లా? ఇది తేలకుండా అధ్యాయాలు విడదీసి ఏం లాభం? అందుకే అంటున్నాను, ముందు రికార్డులు చూడు.

తుంగభద్ర (కర్నూలు)

సార్, మీరు చెప్పిన వివరాలన్నీ నిజమే. కానీ అవి తెలుసుకోవడానికి చెన్నై వెళ్లనక్కరలేదు. 1905 నాటి అనంతపురం గెజిటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం అచ్చు వేసిన పుస్తకం), ఆ తర్వాత అచ్చయిన పుస్తకాలు తెరిస్తే ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. మీ ఉదాహరణ రుజువు చేసేది సినాప్సిస్‌కు ముందు బాగా చదవాలనే. రికార్డులు చూసేవరకు సినాప్సిస్ ఆపాలని కాదు. ఇంకో సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ కూర్చోవాలంటే పరిశోధక విద్యార్థినని విశ్వవిద్యాలయం నుంచి లేఖ తీసుకెళ్లాలి. సెలవు, బస, భోజనం ఖర్చులు వేరే. జీతం మీద ఇల్లు నడిపేవాళ్లకు ‘ముందు వెళ్లి చూసి రా’ అని చెప్పడం తేలిక.

పాత దస్తావేజు (కడప)

గెజిటీరు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. లేఖ కోసం మాత్రం సినాప్సిస్ ఆమోదం దాకా ఆగనక్కరలేదు, చేరిన విద్యార్థికి గైడు ఇవ్వొచ్చు. ఖర్చు సంగతి నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. అయినా పరికల్పన విషయంలో మీతో ఏకీభవించలేను. కారణం చెబుతాను.

అచ్చయిన పుస్తకాలు మాత్రమే చదివిన విద్యార్థి ధాత కరువు మీద ఎలాంటి పరికల్పన రాస్తాడు? 1877లో వైస్రాయి లిట్టన్ పంపగా రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు వచ్చి, కరువు బాధితులకు ప్రభుత్వం కల్పించిన సహాయ పనుల్లో కూలి తగ్గించాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద ఒక అణా. దానితో మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) కార్నిష్ అప్పుడే గట్టిగా వాదించాడు. మన విద్యార్థి ఈ రెండూ చదివి, ‘టెంపుల్ కూలి వల్ల మరణాలు పెరిగాయి’ అని పరికల్పన రాస్తాడు. కార్నిష్ అన్న మాటనే ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అనడానికి పిహెచ్‌డి ఎందుకు? కొత్త ప్రశ్న కావాలంటే తాలూకా స్థాయికి దిగాలి. తాలూకా వారీ లెక్కలు మిగిలి ఉన్నాయా, ఉంటే ఏ నెల నుంచి ఏ నెల వరకు, కూలీల సంఖ్య ఉందా లేక ఖర్చు మాత్రమే ఉందా అన్నది గెజిటీరు చెప్పదు. సూచీ తిరగేసి, నాలుగు కట్టలు విప్పి చూస్తేనే తెలుస్తుంది. నేను అడుగుతున్నది అంతే. ఏళ్ల తరబడి అక్కడే కూర్చోమని కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఆమోదం పొందిన సినాప్సిస్‌లు శోధ్‌గంగోత్రి అనే వెబ్‌సైట్‌లో అందరూ చూసేలా ఉంటాయి. ఎలా రాస్తారో తెలుసుకోవడానికి అది మంచి వనరు. అయితే పాతదాన్ని దించుకుని జిల్లా పేరు మార్చే అలవాటు మన దగ్గర ఉంది. లక్ష్యాలు అవే, ‘సామాజిక, ఆర్థిక ప్రభావాలు’ అవే, చివర ‘ఒక అధ్యయనం’ అదే. చచ్చిపోయిన లక్షల మంది గురించి రాస్తున్నామమ్మా. వాళ్ల పేరు మీద అచ్చుపోసిన వాక్యాలు రాయకూడదు.

మొల్ల మొగ్గ (కడప)

తెలుగు శాఖ నుంచి ఒక మాట. ఆధారాల జాబితాలో మన ప్రాంతానివి కదా అని కైఫియత్తులను (ఊళ్ల స్థానిక చరిత్రలను) చాలామంది చేర్చేస్తారు. కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రానికి వెళ్లి చూశామని చెప్పుకోవడానికి అదొక దారి. కానీ అవి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసినవి, ఆయన 1821లోనే పోయాడు. ధాత కరువుకు అవి ఆధారం కావు. అలాగే ‘కరువు పాటలు సేకరిస్తాను’ అని రాసే ముందు ఆ పాట పాడేవాళ్లు ఒక్కరైనా ఉన్నారో లేదో కనుక్కో చెల్లీ. ఆ కరువు చూసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, మునిమనవలు ఏం చెబుతారో విన్నాకే ఒక అధ్యాయం కేటాయించాలి.

పెన్న ఒడ్డు (అనంతపురం)

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక శీర్షిక పక్కన పెట్టి సమస్య ప్రకటన ఒక్కటే మళ్లీ రాశాను. చూసి చెప్పండి:

‘1871 నాటికే మద్రాసు–రాయచూరు రైలు మార్గం తాడిపత్రి, గుత్తి మీదుగా పడింది. నాటి బళ్లారి జిల్లాలోనే ఉన్న పెనుకొండ, మడకశిర తాలూకాలకు అప్పటికి రైలు లేదు. కరువు కాలంలో రైలు ఉన్న తాలూకాలకూ లేని తాలూకాలకూ ధాన్యం ధరల్లో, సహాయ పనులకు వచ్చిన కూలీల సంఖ్యలో తేడా ఉందా? ఉంటే అది రైలు వల్లనా, చెరువుల వంటి ఇతర కారణాల వల్లనా?’

పరికల్పన మాత్రం ఇంకా రాయలేదు.

తుంగభద్ర (కర్నూలు)

ఇది చాలా బాగుందమ్మా. అయితే పరికల్పన నువ్వు రాసేశావు. రైలు ఉన్నచోట ధాన్యం చేరి ధర తగ్గిందని లోపల అనుకుంటేనే ఈ ప్రశ్న వస్తుంది. దాన్ని దాచకుండా ఒక వాక్యంగా రాయి, సంఘం మొదట అడిగేది అదే. రైలు ధాన్యాన్ని తెచ్చినట్టే తీసుకుపోయి ఉండవచ్చు కూడా, వ్యాపారి ధర ఎక్కువున్న చోటికే పంపుతాడు. ఆ రెండో అవకాశాన్ని పక్కనే రాస్తే ఎటు తేలినా నీ పని వృథా కాదు.

పాత దస్తావేజు (కడప)

దానికి నాకు అభ్యంతరం లేదు. తాలూకా లెక్కలు దొరకకపోతే ప్రత్యామ్నాయం ఏమిటో కూడా ఒక పేరా ఉండాలి. సినాప్సిస్‌లో ఎవరూ రాయని పేరా అదే. ఎగ్మూరుకు వెళ్లేముందు చెప్పు, బళ్లారి, కడప రెండు జిల్లాల పేర్లతోనూ ఏం అడగాలో రాసి పంపుతాను.

పెన్న ఒడ్డు (అనంతపురం)

తప్పకుండా సార్. లేఖ కోసం రేపు గైడు గారిని అడుగుతాను. ఈ సమస్య ప్రకటన కూడా ఆయనకు చూపిస్తాను.